జగిత్యాల-3

మొన్న వానాకాలం నాట్లప్పుడు మా ఊరి టీ కొట్టు దగ్గర, నాట్లు వేయడానికి వచ్చిన బెంగాల్ కూలీల గురించి ఒక మాట విన్నాను. "ఈ బెంగాల్ వాళ్లు వచ్చి మన వాళ్ల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నారు. వీళ్లలో సగం మంది బంగ్లాదేశ్ నుంచి దొంగచాటుగా దిగినవాళ్లే." అన్నది పరాయివాడు కాదు, నాకు వరుసకు అన్న. పద్నాలుగేళ్లు బహ్రెయిన్‌లో పనిచేసి వచ్చాడు. అందులో చివరి మూడేళ్లు చేతిలో ఏ కాగితమూ లేకుండా, పోలీసు బండి కనిపిస్తే సందులోకి తిరిగిపోతూ గడిపాడు.

"మరి నువ్వక్కడ చేసిందేమిటన్నా?" అన్నాను.

"నేనెవడి పనీ లాక్కోలేదు. వాళ్లు ముట్టని పని చేశాను."

"వీళ్లూ అదే అంటారు."

"అది వేరు," అన్నాడు. నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, బండెక్కి వెళ్లిపోయాడు.

అది వేరా కాదా అన్నది అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. అన్న తెలివితక్కువవాడు కాడు, మనసు లేనివాడూ కాడు. గల్ఫ్ నుంచి మా ఊరికి ఎవరి శవం వచ్చినా శంషాబాద్ దాకా వెళ్లి పెట్టె దింపుకొచ్చేది ఆయనే. అలాంటి మనిషి నోట ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే దాని వెనుక నిజమైన నొప్పి ఏదో ఉండాలి. లేదా, ఏ దేశంలో ఎవరి నోటికైనా పట్టేలా ఆ మాట ముందే తయారై ఉండాలి. రెండూ నిజమేనని నా అనుమానం.

నేను 1999 నుంచి 2010 వరకు షార్జాలో ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. ఇంటర్ చదివి, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు వచ్చిన పుణ్యానికి తాపీకి బదులు కలం పట్టుకునే పని దొరికింది. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాంపు గేటు దగ్గర నిలబడి, బస్సెక్కేవాళ్ల పతాకా నంబర్లు రాసుకోవాలి. పతాకా అంటే జెండా అనుకునేరు. అక్కడ లేబర్ కార్డును మన వాళ్లు అలాగే అంటారు. సైట్‌కు చేరాక మళ్లీ హాజరు, మధ్యాహ్నం మళ్లీ, సాయంత్రం ఓవర్‌టైమ్ లెక్క.

నా దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి కంపెనీ మస్టర్. పెద్దది, గీతలు గీసినది, ఆఫీసు ముద్ర ఉన్నది. రెండోది ఎర్ర అట్ట నోటుబుక్కు. అది నా చొక్కా లోపలి జేబులో ఉండేది, ఆఫీసు గుమ్మం తొక్కేది కాదు. అందులో కంపెనీ కాగితం లేని బయటి కూలీల హాజరు. వాళ్లకు గురువారం సాయంత్రం చేతికే నగదు. ఆ పుస్తకంలో పేర్లు రాయకూడదు. తనిఖీవాళ్లకు చిక్కితే పేరే రుజువవుతుందని ఫోర్‌మన్ భయం. అందుకని ఊరి పేరు, ఒక అంకె. పెషావర్-1, సిల్హెట్-4, కడప-2, జగిత్యాల-3.

జగిత్యాల-3 మా మేనబావ.

ఆయన నాకంటే రెండేళ్ల ముందే వచ్చాడు. ఊళ్లో ఏజెంటుకు ఎనభై వేలు కట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ముతో. వీసా మీద రాసింది ఒక పని, అక్కడ చేయించింది భవనాలు కడిగే పని. దిగిన రోజే కంపెనీ మందూబ్, అంటే వీసా పనులు చూసే ప్రతినిధి, పాస్‌పోర్టు తీసుకున్నాడు, 'భద్రం కోసం'. నెలకు నాలుగు వందల దిర్హాములన్నారు. అయిదు నెలలు జీతం ఆగింది. ఆరో నెల బావ బయటపడ్డాడు. కంపెనీ అతను పారిపోయాడని రాసిచ్చింది. అంతే, ఆ సంతకంతో మా బావ ఖల్లివల్లి అయిపోయాడు.

గల్ఫ్ పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు ఉండదు. అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అన్నట్టు వాడే మాట. మన వాళ్ల నోట్లో అది కాగితాలు లేని మనిషికి పేరైంది. మా జిల్లాలో పెళ్లిచూపులప్పుడు కూడా అడుగుతారు: అబ్బాయి కంపెనీలో ఉన్నాడా, ఖల్లివల్లి అయ్యాడా? గమనిస్తే ఆ మాటలో నేరం వాసన లేదు. వదిలేయబడ్డవాడన్న జాలి ఉంది, ఎవరికీ కట్టుబడనివాడన్న చిన్న గర్వం కూడా ఉంది. పత్రికల్లో రాసే 'అక్రమ వలసదారు' అన్న మాట మాత్రం, మనిషి ఎలా అక్రమం అయ్యాడన్న కథను మింగేసి, అతను పుట్టుకతోనే అలా ఉన్నట్టు చెబుతుంది. మా బావ సరిహద్దు గోడలేవీ దూకలేదు. విమానం దిగి, ముద్ర వేయించుకుని, ముందు ద్వారం నుంచే వెళ్లాడు. అతన్ని అక్రమం చేసింది జీతం ఎగ్గొట్టినవాడి సంతకం.

ఇక ఉద్యోగాల లెక్కకు వస్తాను. ఇక్కడే నేను ఎర్ర పుస్తకానికి రుణపడి ఉన్నాను, ఎందుకంటే అది నాకు వినికిడి మాట కాదు.

మా సైట్‌లో కంపెనీ హెల్పర్‌కు నెలకు ఆరు వందల దిర్హాములు. ఇరవై ఆరు పనిదినాలు వేసుకుంటే రోజుకు ఇరవై మూడు. బయటి కూలీకి రోజుకు నలభై. అవును, కాగితం లేనివాడికే ఎక్కువ. కాగితం లేనివాడు చవకగా దొరుకుతాడని అందరూ అంటారు గాని, కూలీ చేతిలో పడే డబ్బు చూస్తే మా దగ్గర లెక్క తిరగబడి ఉండేది. అయినా కాంట్రాక్టర్‌కు బయటివాడే లాభం. వీసా ఖర్చు లేదు, గది లేదు, టికెట్ లేదు, దెబ్బ తగిలితే ఆస్పత్రి లేదు, కొలువు ముగిస్తే ఇచ్చే గ్రాట్యుటీ లేదు. కాంక్రీటు పోసే నాలుగు రోజులు పిలిచి, అయిదో రోజు వద్దంటే సరిపోతుంది.

ఆ నాలుగు రోజుల్లోనే కంపెనీ కూలీలకు ఓవర్‌టైమ్ వచ్చేది. ఆరు వందల జీతంలో సగం క్యాంటీనుకు, ఫోను కార్డులకు పోతే, ఇంటికి వెళ్లేదంతా ఓవర్‌టైమ్ డబ్బే. బయటివాళ్లు వచ్చాక అది సగానికి పడిపోయింది. ఒక బీహారీ వడ్రంగి నా గది ముందు నిలబడి కళ్లనీళ్లతో అరిచిన రాత్రి నాకు గుర్తుంది. వాళ్ల చిరునామాలు తనిఖీ ఆఫీసుకు చెప్పేస్తానన్నాడు. తప్పా? అతని బిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు మరి. వలస వల్ల ఎవరికీ నష్టం లేదని, లెక్కలు తీస్తే అంతా లాభమేనని చెప్పే పెద్దమనుషుల మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ వడ్రంగి గుర్తొస్తాడు. నష్టం ఉంది. అయితే పడ్డది ఎవరికి? షార్జా స్థానికులకు కాదు, వాళ్లెవరూ మా సైట్‌లో తట్ట మోయలేదు. నిన్న వచ్చిన వలసకూలీకి నష్టం ఇవాళ వచ్చిన వలసకూలీ వల్ల కలిగింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అనలేదు.

ఎవరో ఫోన్ చేశారు. వడ్రంగే చేశాడని నేను అనుకోవడం లేదు. జూలై నెల, పదకొండు గంటల వేళ రెండు బండ్లు వచ్చాయి. పెషావర్-1, ఇద్దరు సిల్హెట్ వాళ్లు దొరికిపోయారు. మా బావ మూడో అంతస్తులో, ఇంకా నీళ్లు పెట్టని ట్యాంకులోకి దిగి మూత లాక్కున్నాడు. బండ్లు వెళ్లిపోయి, నేను పైకెక్కి మూత తీసేసరికి ఒంటిగంట దాటింది. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. బనియన్ పిండితే గ్లాసుడు నీళ్లు వచ్చేవి. ముందు నీళ్లు తాగాడు, తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "నా హాజరు వేశావా బామ్మర్దీ?"

ఫోర్‌మన్ సగం రోజు రాయమన్నాడు. సగం రోజే రాశాను.

పట్టుకుపోయినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదు, ఓ పదిహేను రోజులు. ఓవర్‌టైమ్ తిరిగొచ్చింది. వడ్రంగి ముఖం వెలిగింది. తర్వాత ఎర్ర పుస్తకంలో కొత్త ఊళ్లు చేరాయి.

2007లో అక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు. బావ ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు లేనివాడు స్వదేశానికి వెళ్లేందుకు ఇచ్చే కాగితం, తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. పదేళ్ల తర్వాత. మా సైట్లలో బయటి కూలీ అన్నవాడు లేకుండా పోయాడు. ఇక జీతాలు పెరుగుతాయని క్యాంపంతా సంబరపడింది. కొన్ని నెలలు ఓవర్‌టైమ్ దండిగా దొరికింది కూడా. ఏడాది తిరక్కుండా కంపెనీ కొత్త వీసాలు తీసి, మా పాత హెల్పర్ల కంటే యాభై దిర్హాములు తక్కువకు కొత్త మనుషులను దింపింది. అందరూ సక్రమంగా వచ్చినవాళ్లే. అందరికీ పతాకా ఉంది, అందరి పాస్‌పోర్టులూ కంపెనీ బీరువాలోనే ఉన్నాయి. ఎర్ర పుస్తకం అవసరం తీరిపోయింది. పనివాడి ధర మాత్రం ఇంకో మెట్టు దిగింది.

నా వాదనంతా ఈ చోటు నుంచే మొదలవుతుంది. కంపెనీ కూలీకి కొద్దో గొప్పో నోరుండేది. జీతం రాకపోతే లేబర్ ఆఫీసుకు పోగలడు. కాళ్లు లేవు, యజమాని ఒప్పుకోకుండా ఇంకో యజమాని దగ్గరికి పోలేడు. ఖల్లివల్లికి కాళ్లున్నాయి, నోరు లేదు. ఒకడికి ఇరవై మూడు, ఇంకొకడికి నలభై. ఇద్దరికీ దక్కనిది యజమానికి దక్కింది. మన కూలీని కోసేది పక్కవాడికి కాగితం లేకపోవడమే అయితే, 2007 తర్వాత మా జీతాలు పెరిగి ఉండాలి కదా?

నేను వచ్చేసిన మరుసటి ఏడాది, 2011 జనవరి నుంచి, ఎమిరేట్స్‌లో ఒక చిన్న నిబంధన మారింది. ఒప్పందం గడువు ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి పత్రం లేకుండానే కొత్త యజమాని దగ్గర చేరవచ్చు. పైకి చూస్తే ఒక కాగితం తగ్గింది, అంతే. ఆర్థికవేత్తలు తర్వాత జీతాల రికార్డులు తీసి చూస్తే, అలా గడువు ముగిసినవాళ్ల సంపాదన పది శాతానికి పైగా పెరిగినట్టు తేలింది. విచిత్రం ఏమిటంటే, వెళ్లిపోయే హక్కు వచ్చాక పాత యజమాని దగ్గరే ఉండిపోయినవాళ్లు కూడా ఎక్కువయ్యారు. వెళ్లగలడని తెలిస్తే యజమానే నాలుగు దిర్హాములు పెంచి ఉంచుకుంటాడు. ఒక్కరినీ విమానం ఎక్కించి పంపకుండా కూలీ రేటు పెరిగిన సందర్భం ఇది. మా క్యాంపులో ఎవరూ దీని కోసం కొట్లాడలేదు. అందరం ఎర్ర పుస్తకం వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాం.

స్థానికుల మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 2020 నాటికి కువైట్‌లో దాదాపు నలభై మూడు లక్షల జనాభాలో కువైటీలు పదమూడు లక్షలు. సొంత దేశంలో మూడో వంతు కూడా లేకపోవడం ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. 2020లో భారతీయులు జనాభాలో పదిహేను శాతం మించకూడదన్న బిల్లు అక్కడి పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చినప్పుడు రాయచోటి, రాజంపేట వైపు ఇళ్లలో నిద్ర పట్టలేదు. ఎనిమిది లక్షల మంది తిరిగి రావలసి ఉంటుందని లెక్కలు వేశారు. ఆ కోటా ఆ రూపంలో అమలు కాలేదు. అప్పట్లో మన దగ్గర చాలామంది కువైటీలను కృతఘ్నులన్నారు. మనం కట్టిన దేశం నుంచి మనల్నే తోసేస్తారా అని. నాకు ఆ కోపం సగమే అర్థమైంది. ఇల్లు కట్టిన మేస్త్రీకి ఇంటి మీద హక్కు ఇవ్వాలని మన ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా?

కానీ అదే 2020లో అదే కువైట్‌లో ఇంకో సంగతి బయటపడింది. మనుషులను వీసాల పేరుతో అమ్ముకున్న కేసులో బంగ్లాదేశ్ పార్లమెంటు సభ్యుడొకరు అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది అతనితో పాటు కువైట్ అధికారులకూ శిక్ష పడింది. పనే లేని కంపెనీ పేరు మీద వీసా తీసి లక్షలకు అమ్మేది ఎవరు? దిగినవాడికి పని చూపకుండా రోడ్డు మీద వదిలేది ఎవరు? మన వాళ్లు ఆజాద్ వీసా అంటారు. పేరులో స్వేచ్ఛ ఉంది. చట్టం దృష్టిలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర తప్ప ఇంకెక్కడ పనిచేసినా నేరమే. వీసా అమ్మినవాడు స్థానికుడు, కొన్నవాడు అక్రమం. సంతలో దొంగ ఎద్దును అమ్మినవాడిని వదిలి ఎద్దును బందెలదొడ్డిలో పెట్టినట్టుంది.

సౌదీలో దారి వేరు. 2011లో నితాఖత్ అని పెట్టారు. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలు ఉన్నారన్న దాన్ని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసేవాళ్లు. ఎరుపు పడితే కొత్త వీసాలు వచ్చేవి కావు. 2013 నవంబరులో గడువు ముగిశాక దాడులు చేశారు. మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలకు ఎంతమంది వట్టి చేతులతో తిరిగొచ్చారో ఆ తర్వాతి సంక్రాంతికి ఊళ్లు చూసినవాళ్లకు తెలుసు. దాని వల్ల సౌదీలకు ఉద్యోగాలు దొరికాయా? దొరికాయి. మొదటి పదహారు నెలల్లో దాదాపు అరవై మూడు వేల మందికి దొరికాయని ఒక అధ్యయనం. అదే అధ్యయనం ప్రకారం దాదాపు పదకొండు వేల సంస్థలు మూతపడ్డాయి. నా వాదనకు నచ్చని సగం, నచ్చిన సగం రెండూ ఒకే చోట ఉన్నాయి, కాబట్టి రెండూ చెబుతున్నాను. దుకాణంలో కౌంటర్ ముందు కూర్చునే పనికి కోటా పెడితే స్థానికుడు వస్తాడు. ఎండలో కడ్డీలు వంచే పనికి ఏ రంగు పూసినా రాడు.

'స్థానికులకే ఉద్యోగాలు' అన్న మాటను చిన్నచూపు చూసే అర్హత తెలుగువాడికి అసలు లేదు. 1952లో హైదరాబాద్ వీధుల్లో గైర్ ముల్కీలు, అంటే స్థానికేతరులు, వెళ్లిపోవాలని పిల్లలు నినదించారు, కాల్పుల్లో చనిపోయారు. 1969 తెలంగాణ ఉద్యమం కూడా మొదలైంది ఉద్యోగాల దగ్గరే. 1985లో స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలని 610 జీవో ఇచ్చారు. అది అమలు కాలేదన్న కోపం నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడోవంతు. ఇటు ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకేనని చట్టం చేసింది. బయటివాడు వచ్చి మన కుర్చీలో కూర్చున్నాడన్న మంట ఏమిటో మనకు బాగా తెలుసు. మా నాన్న ముల్కీ సర్టిఫికెట్ ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉంది. కాబట్టి కువైటీనో, అమెరికావాడినో జాత్యహంకారి అని కొట్టిపారేసి చేతులు దులుపుకునే వ్యాసం నేను రాయలేను.

ఒకటి మాత్రం అడుగుతాను. చవకతనం పక్కవాడి రక్తంలో ఉంటుందా, ఎవరైనా తయారుచేస్తారా? 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు వెళ్లే భారతీయ కార్మికుల కనీస జీతాన్ని తగ్గించింది. ఎమిరేట్స్‌కు, ఖతార్‌కు, ఒమన్‌కు నెలకు రెండు వందల డాలర్లు చాలంది. కరోనా కాలంలో మన వాళ్ల ఉద్యోగాలు ఇతర దేశాలవాళ్లు తన్నుకుపోకుండా ఉండాలని కారణం చెప్పింది. అంటే ఒక నేపాలీ కంటే, ఒక బంగ్లాదేశీ కంటే మనవాడు చవకగా ఉండాలి. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, గల్ఫ్ సంఘాలు గొడవ చేశాయి, 2021 జూలైలో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. ఆ పది నెలల్లో మనవాడు ఎవరి నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు? మా వడ్రంగి లాంటి ఏ నేపాలీనో ఏ క్యాంపులోనో మన వాళ్లను తిట్టుకునే ఉంటాడు.

అమెరికా సంగతి నాకు దూరం నుంచే తెలుసు గనుక ఎక్కువ రాయను. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అని అక్కడి అధికారులే పెట్టిన దొంగ విశ్వవిద్యాలయంలో చేరి పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. మన పిల్లలు చాలామంది. అప్పుడు మనందరం 'పాపం, పిల్లలు మోసపోయారు' అన్నాం. నిజమే, మోసపోయారు. 2025 ఫిబ్రవరిలో 104 మందిని సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపినప్పుడు మాత్రం, 'దొంగదారిన వెళితే అంతే మరి' అన్నవాళ్లూ మనలోనే ఉన్నారు. ఎమ్మెస్ సీటు కోసం దళారీకి డబ్బు కట్టినవాడు పిల్లవాడు, పొలం అమ్మి దళారీకి కట్టినవాడు దొంగ. పెట్రోలు బంకులో రాత్రిపూట నగదు కూలీకి నిలబడే మనవాడికి గంటకు ఎంత ఇస్తున్నారో, ఆ బంకు ఎవరిదో వాకబు చేస్తే, చాలాసార్లు తెలుగు పేరే వినిపిస్తుంది. దాని మీద ఎవరైనా లోపలివాళ్లు రాస్తే చదవాలని ఉంది.

మళ్లీ మా ఊరికి వస్తాను.

మాది కాకతీయ కాలువ కింది ఊరు. నీళ్లు వదిలితే అందరి మళ్లూ ఒకేసారి సిద్ధమవుతాయి. ఇరవై రోజుల్లో ఊరంతా నాట్లు పడాలి. ఊళ్లో వయసు మగవాళ్లు సగం మంది దుబాయ్, దోహాల్లో ఉన్నారు. ఆడవాళ్లు చాలామంది బీడీలు చేస్తారు. నాట్ల ముఠాలు ఒకప్పుడు ఏడెనిమిది ఉండేవి, ఇప్పుడు మూడు. నాలుగైదేళ్లుగా మాల్దా, ముర్షిదాబాద్ వైపు నుంచి మగవాళ్ల గుంపులు వస్తున్నాయి. బడి వరండాలో దిగుతారు. సాయంత్రమయ్యేసరికి ఆవనూనె కాగిన వాసన వీధి చివరి దాకా వస్తుంది. తాడు లాగి వరుస పట్టి నాటుతారు. వాళ్ల చేతి వేగం చూస్తుంటే కళ్లు తిరుగుతాయి. మన ఆడవాళ్లు పాట పాడుతూ వేసేవాళ్లు. వీళ్లు ఫోనులో ఏదో పెట్టుకుని గట్టు మీద వదిలేస్తారు.

వీళ్లలో సగం మంది బంగ్లాదేశీలని అన్న అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, భాష వింటే తెలియదా అంటాడు. సరిహద్దు మీది పద్మా నదికి ఇవతల మాట్లాడేదీ అదే భాష. 2025లో కొన్ని రాష్ట్రాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలను ఇలాగే అనుమానంతో పట్టుకున్నారు. సరిహద్దు దాటించాక, భారతీయులేనని తేలి వెనక్కి తీసుకురావలసి వచ్చినవాళ్లూ ఉన్నారు. షార్జాలో తెలుగువాడిని, తమిళుడిని కలిపి మలబారీ అనేవాళ్లు. మనకు ఒళ్లు మండేది.

ఇక అన్న నొప్పి. అన్న భార్య, మా వదిన, ఒక నాట్ల ముఠాకు పెద్ద. నిరుడు ఆమె ముఠాకు చుట్టుపక్కల ఊళ్లతో కలిపి నలభై రోజుల పని దొరికింది. ఈసారి పాతిక. పదిహేను రోజుల కూలీ, పన్నెండు మంది ఆడవాళ్లకు, గాలిలో కలిసిపోయింది. ఇది ఏ సర్వేలోకీ ఎక్కదు గాని నేను లెక్కపెట్టగలను. టైమ్‌కీపర్‌ని కదా. నన్ను చూసి వదిన అన్న మాట ఇది: "నీ మూడెకరాలకు ఎకరానికి అయిదున్నర వేలు అడిగాను మరిదీ. ఎక్కువా? నువ్వే కదా వాళ్లను పిలిచావు."

నేనే పిలిచాను. వాళ్లు నాలుగున్నరకు ఒప్పుకున్నారు, ఒక్క పూటలో ముగిస్తామన్నారు. వదిన వంతు రావాలంటే వారం ఆగాలి. నారుకు అప్పటికే ముప్పై అయిదు రోజులు. టీ కొట్టు దగ్గర అన్న ఎవరిని ఉద్దేశించి ఆ మాట అన్నాడో, నా టీ డబ్బులు ఎందుకిచ్చాడో నాకు ఇంటికి వచ్చాక గాని వెలగలేదు.

అంతకు రెండు రోజుల ముందు సంగతి ఇది. ఆ రోజు పని ముగిశాక గట్టు మీద వాళ్ల మేస్త్రీతో మాట్లాడాను, నా షార్జా హిందీలో. పద్నాలుగు మంది. ఎవరి కూలీ వాళ్ల చేతికే ఇస్తానన్నాను. వద్దన్నాడు. అందరూ ఊళ్లో అడ్వాన్సు తీసుకున్నారని, లెక్క అక్కడ చూసుకుంటారని చెప్పాడు. ఫోను తీయడానికి సంచి తెరిచినప్పుడు ఒక ప్లాస్టిక్ కవరు కనిపించింది. రబ్బరు బ్యాండు వేసిన ఆధార్ కార్డుల కట్ట.

"ఇవన్నీ నీ దగ్గరెందుకు?" అన్నాను.

"భద్రం కోసం సార్," అన్నాడు. కాస్త ఆగి, నవ్వి, "లేకపోతే మధ్యలో పారిపోతారు," అన్నాడు.

కాళ్లు కడుక్కుంటున్న కుర్రవాడొకడు తలెత్తి మా వైపు చూశాడు. పద్దెనిమిదేళ్లు ఉంటాయో ఉండవో. కార్డులు ఎవరివి వాళ్లకు ఇవ్వమని గట్టిగా అనాలనుకున్నాను. రెండో మడికి ఇంకా అరెకరం నారు మిగిలి ఉంది, మర్నాడు పొద్దున్నే వచ్చి వేసి వెళతామన్నారు. వాళ్లతో తగవు పెట్టుకుంటే ఆ నారు ముదిరిపోతుంది.

డబ్బు మేస్త్రీ చేతికే ఇచ్చాను. రాత్రి లెక్కల పుస్తకం తీసి రాసుకున్నాను: నాట్లు, మూడెకరాలు, బెంగాల్-14, పదమూడు వేల అయిదు వందలు.